అడుగు మూత కింద నల్లచుక్క

రమాసుందరికి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? ఇబ్రహీంపట్నంలో గోడౌను కప్పు కూలి ఇద్దరు హమాలీలు పోతే, ఆ గోడౌను కట్టిన కంపెనీ మనిషే పటమటలో దిగాడు. నేరం మోపిన పిల్ల ఇంట్లో, ఆ పిల్ల కుర్చీలోనే కాలుమీద కాలేసుకుని కూర్చుని, పంచనామా ఎలా రాయాలో పోలీసులకు చెబుతున్నాడు.

"ల్యాప్‌టాప్ సీజ్ చెయ్యండి సీఐ గారూ. ఉన్నది ఉన్నట్టు సీలు వేసి ల్యాబుకు పంపండి. అంతకుమించి ఇక్కడ మనకు పనేం లేదు."

ఆయన పేరు వెంకటకృష్ణారావు. డీఎస్పీగా రిటైరై, ఇప్పుడు మేఘమాల ఇన్‌ఫ్రా అనే ఆ కంపెనీకి సెక్యూరిటీ సలహాదారుగా ఉన్నాడు. ఒకప్పుడు రమాసుందరి ఆయన కిందే ఎస్సైగా పనిచేసింది. ఆ ఉద్యోగానికో దణ్ణం పెట్టి, గవర్నరుపేటలో సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచి పదేళ్ళు దాటినా, ఆయన కంటికి ఆమె ఇంకా సెల్యూట్ కొట్టాల్సిన మనిషిలాగే ఆనుతుంది.

"ఏంటమ్మాయ్, నువ్వూ వచ్చావా? పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు లేవా ఇవాళ?" అన్నాడు గుమ్మంలో ఆమెను చూసి.

"ఉన్నాయండీ. ఈమధ్య పెళ్ళికొడుకుల కంటే వాళ్ళకి సర్టిఫికెట్లిచ్చే పెద్దమనుషుల మీదే ఎంక్వైరీ చెయ్యాల్సొస్తోంది."

"ఆమెను నేను పిలిపించానండీ," అంది సుబ్బరత్నం, ఇంటావిడ. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి కానీ గొంతు వణకలేదు. "ఇంతమంది వచ్చారు. మా అమ్మాయి తరఫున ఒక్కరన్నా ఉండొద్దూ ఈ గదిలో?"

సీఐ రామకోటేశ్వరరావు చెడ్డవాడు కాదు. పొద్దుటి నుంచి పైవాళ్ళ ఫోన్లు ఎత్తీ ఎత్తీ విసిగిపోయి ఉన్నాడు, అంతే. టోపీ తీసి బల్లమీద పెట్టి రమాసుందరి వైపు తిరిగాడు.

"చూడండి మేడం, నాకు ఎవరిమీదా కక్ష లేదు. శుక్రవారం కప్పు కూలింది. దూలాలకి వాడిన ఇనుప ప్లేటు మందం ఎనిమిది మిల్లీమీటర్లు. పన్నెండు ఉండాలని ఇంజనీర్లు తేల్చారు. డిజైన్ ఇచ్చింది ఈ అమ్మాయి రుచిత. నేను పన్నెండే ఇచ్చానంటుంది. కంపెనీవాళ్ళు ఎనిమిదే ఇచ్చిందంటారు. సరే, చూపించమ్మా అన్నాను. పొద్దున నా కళ్ళముందే తన ల్యాప్‌టాప్ తనే తెరిచింది. తన ఫైలు, తన పేరు, కిందటి డిసెంబరు తేదీ. ఎనిమిదే ఉంది. నాలుగింటికి మేజిస్ట్రేటు గారి ముందు పెట్టాలి. నేనేం చెయ్యను చెప్పండి?"

గోడకానుకుని నిలబడ్డ రుచితకు ఇరవయ్యేడేళ్ళుంటాయి. పక్కన కానిస్టేబుల్ తెరేసమ్మ కాపలా. ఆ పిల్ల ఏడవడం లేదు. ఏడుపు దాటిపోయిన మనిషిలా ఉంది.

"అది నా ఫైలు కాదండీ," అంది.

"నీ ల్యాప్‌టాప్‌లోనే ఉందిగా?" అన్నాడు వెంకటకృష్ణారావు.

"ఉంది. నేను పెట్టుకున్న ఫోటో, నా ఫోల్డర్లు, నా షార్ట్‌కట్లు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అయినా ఆ కొలత నేను వెయ్యలేదు. ఎనిమిది వేస్తే కప్పు ఆగదని ఫస్టియర్ కుర్రాళ్ళకి కూడా తెలుసు."

"తెలిసే వేశావన్నమాట."

రమాసుందరి ఇక ఆయన మొహం చూడకుండా, ఒక స్టూలు లాక్కుని ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది.

"ఈ ల్యాప్‌టాప్ సంగతి మొదట్నుంచి చెప్పమ్మా. ఎందుకు కొన్నావు, లోపల ఏం మార్చావు, అన్నీ."

"ఉద్యోగం మానేసి సొంతంగా డిజైన్లు మొదలుపెట్టినప్పుడు కొన్నానండీ. మామూలు ల్యాప్‌టాప్ మీద ఈ మోడళ్ళు తిరగవు. దీన్ని వర్క్‌స్టేషన్ అంటారు. ఆఫీసుల్లో పెట్టే పెద్ద కంప్యూటరు చేసే పనంతా చేస్తుంది, సైటుకి సంచిలో వేసుకెళ్ళొచ్చు."

"సంచి తెగుతుందమ్మా, సన్నికల్లంత బరువు," అంది సుబ్బరత్నం. "దాని చార్జరే ఇటుకంత ఉంటుంది."

"మేఘమాల వాళ్ళ గోడౌను పని ఒప్పుకున్నాక అదీ చాల్లేదండీ. మోడల్ తిప్పబోతే స్క్రీన్ కదలకుండా ఉండిపోయేది. అందుకని కిందటి కార్తీకంలో ర్యామ్ పెంచాను. డ్రైవ్ కూడా మార్చాను. ఫైళ్ళన్నీ ఉండేది అందులోనే. వేలెడు బిళ్ళ. పెద్దది కావాలంటే వాళ్ళే కొనిచ్చారు."

"బిల్లు ఎవరి పేరు మీదుంది?"

"వాళ్ళ పేరు మీదే. డిజైన్ ఇంకెక్కడా దాచకూడదు, నెట్‌లో కూడా పెట్టకూడదని షరతు పెట్టారు. అందుకే నా దగ్గర ఆ ఒక్క డ్రైవే ఉంది, ఇంకో కాపీ లేదు."

"బిగించిందెవరు?"

"నేనేనండీ. ఈ బల్లమీదే. విండోస్ దగ్గర్నుంచి అన్నీ కొత్తగా వేసుకుని, నాక్కావలసినట్టు సర్దుకునేసరికి రెండ్రోజులు పట్టింది."

"నేను పక్కనే ఉన్నాగా," అంది సుబ్బరత్నం. "దాని పొట్ట విప్పి ముందేసుకుని కూర్చుంది. అంత ఖరీదు పెట్టి కొన్న వస్తువాయె. వచ్చినవాళ్ళల్లా అబ్బో అని కళ్ళు పెద్దవి చేసి చూసిపోయేవాళ్ళు. పైన ఏమన్నా పెడితే అందరూ నవ్వుతారని గోల చేస్తుంది కదా అని, లోపలే, ఆ బిళ్ళకే దిష్టి చుక్క పెట్టాను. కాటుక పెడతానంటే పొడీ తడీ లోపల పనికిరాదంది. నా నల్ల స్టిక్కరొకటి అంటించాను."

వెంకటకృష్ణారావు విరగబడి నవ్వాడు. "రాసుకోండి సీఐ గారూ! దూలాలు పల్చనైనా దిష్టి మాత్రం తగల్లేదట."

సీఐ నవ్వలేదు. రమాసుందరి కూడా నవ్వలేదు. ఆమె చూపు గది మూలన నిలబడ్డ ఇంకో మనిషి మీద ఉంది. అతను జయకృష్ణ, మేఘమాల కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగి. ఫిర్యాదు చేసిందీ ఆ కంపెనీయే, సాంకేతిక సాక్షిని తెచ్చిందీ ఆ కంపెనీయే! ఇంతకంటే సిగ్గుమాలినతనం ఇంకేముంటుంది అనుకుంటోంది ఆమె ఇందాకటి నుంచి. అప్పటిదాకా చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ ఉన్న ఆ జయకృష్ణ, స్టిక్కరు మాట వినగానే తుడుచుకోవడం మానేశాడు. భయపడలేదు సరికదా, గండం గడిచినట్టు ఊపిరి వదిలాడు. అదే ఆమెకు వింతగా తోచింది. చుక్క ఎక్కడ పెట్టారని సుబ్బరత్నాన్ని అడగబోయి, అతను వింటున్నాడని మానేసింది.

"జయకృష్ణ గారూ, ఈ ల్యాప్‌టాప్‌ని మీరెప్పుడన్నా ముట్టుకున్నారా?"

"ఒక్కసారేనండీ. మొన్న బుధవారం. మేడం మా ఆఫీసుకి తెచ్చారు. కంపెనీ సాఫ్ట్‌వేర్ సెటప్ చేసిచ్చాను."

"ఎంతసేపు ఉంది మీ దగ్గర?"

"పొద్దున తెచ్చారు. సాయంత్రం ఇచ్చేశానండీ."

"సాఫ్ట్‌వేర్ పెట్టడానికి రోజంతా పట్టిందా?"

"అప్‌డేట్లు, లైసెన్సులు, అవన్నీ ఉంటాయి కదండీ. నెట్ కూడా స్లోగా ఉంది."

"ఆ రోజంతా నన్ను మీటింగ్ అని పైన కూర్చోబెట్టారండీ," అంది రుచిత. "మధ్యాహ్నం భోజనం తెప్పించి, ఎండీ గారే దగ్గరుండి వడ్డించారు. అంత మర్యాద అంతకుముందెప్పుడూ చెయ్యలేదు."

"అడుగు మూత విప్పారా?" రమాసుందరి కళ్ళు జయకృష్ణ మీదే ఉన్నాయి.

"లేదండీ. దాంతో పనేముంది? సెటప్ అంతా స్క్రీన్ మీదే."

"ఒక్కసారి కూడా?"

"అమ్మతోడండీ."

వెంకటకృష్ణారావు కుర్చీలో ముందుకు జరిగాడు. "ఈవిడ దారి ఎటో నాకు తెలుసు. ప్రమాదం జరిగాక మేం దొంగతనంగా ఫైలు మార్చామంటుంది. సీఐ గారూ, ఇప్పుడే రాయించండి. బుధవారం సాయంత్రం ఈ అమ్మాయి చేతికిచ్చాం, అందినట్టు సంతకం కూడా పెట్టింది. ఆ తర్వాత ఇవాళ్టిదాకా మా వాళ్ళెవరూ ఈ గడప తొక్కలేదు, ఆ యంత్రం ఈ ఇల్లు దాటలేదు. ఏమ్మా, కాదంటావా?"

"దాటలేదండీ," అంది రుచిత నెమ్మదిగా.

సుబ్బరత్నం కూతురి వైపు నివ్వెరపోయి చూసింది. అడిగిందే తడవు తనకు అడ్డొచ్చే మాట కూడా నిజం చెప్పేస్తుందేమిటీ పిల్ల అన్నట్టుంది ఆ చూపు.

"రాయించండి సీఐ గారూ," అంది రమాసుందరి. "సార్ చెప్పింది చెప్పినట్టు రాయించి, కింద ఆయన సంతకం తీసుకోండి. జయకృష్ణ గారి సంతకం కూడా."

వెంకటకృష్ణారావు ఒక్క క్షణం ఆమె మొహంలోకి అనుమానంగా చూశాడు. కానీ తను అడిగిందే ఆమె ఒప్పుకుంది, వెనక్కి తగ్గడానికి లేదు. పెన్ను తీసి పొడుగాటి సంతకం గీశాడు. జయకృష్ణ కూడా పెట్టాడు.

"ఇక సీలు వెయ్యండి."

"అప్పుడే కాదు. మూత విప్పి, లోపలున్న డ్రైవ్ నంబరు పంచనామాలో ఎక్కించాలి."

"ల్యాబువాళ్ళు విప్పుతారు. నీకెందుకు తొందర?"

"ల్యాబుకి చేరేలోపు ఇంకేదన్నా డ్రైవ్ వచ్చి కూర్చుంటే? నంబరు రాయకుండా ఎలా సీజ్ చేశారని కోర్టులో అడిగితే నిలబడాల్సింది సీఐ గారు, మీరు కాదు."

"అమ్మాయ్, నాకు రూల్సు నేర్పకు. నీకు డ్రిల్లు నేర్పినవాణ్ణి నేను."

"అవునండీ. పంచనామా ఎదుటివాళ్ళ చేత చెప్పించుకుని రాయకూడదని నేర్పింది కూడా మీరే. ఇవాళ మీరే కూర్చుని చెబుతుంటే నాకే సిగ్గేస్తోంది."

"మాటలు మర్యాదగా రానీ. రెండు ప్రాణాలు పోయిన కేసిది."

రమాసుందరి లేచి నిలబడింది.

"ఆ రెండు ప్రాణాల పేర్లేంటండీ?"

ఆయన తడుముకున్నాడు. జయకృష్ణ వైపు చూశాడు. అతను తల దించుకున్నాడు.

"తెలీదు! కంపెనీ తరఫున పొద్దుటి నుంచి ఇక్కడ కూర్చున్నారు, వాళ్ళ పేర్లు మీకు తెలీదు. ఏసుబాబు, నాంచారయ్య. ఒకాయనకి అరవయ్యేళ్ళు, ఇంకా మూటలు మోస్తున్నాడు. ఇంకో అబ్బాయికి పెళ్ళయి ఏడాది కాలేదు. వాళ్ళ ప్రాణాల మాట మీ నోటివెంట రాకూడదు."

తెరేసమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. సీఐ గొంతు సవరించుకుని, "విప్పండి," అన్నాడు. "తెరేసమ్మా, నీ ఫోన్లో వీడియో తియ్యి."

ముద్దాయి ముట్టుకోకూడదు కాబట్టి స్క్రూడ్రైవర్ జయకృష్ణ చేతికే వచ్చింది. ల్యాప్‌టాప్‌ని బోర్లా పెట్టి, చుట్టూ ఉన్న మరలు ఒకటొకటే తీశాడు. అన్నీ వచ్చాక కూడా మూత కదల్లేదు. అతను తడుముకోకుండా వెనకవైపు రబ్బరు కాలు గోటితో పైకెత్తి, దాని కింద దాగున్న మర తీశాడు.

"ఎప్పుడూ విప్పలేదన్నారు?" అంది రమాసుందరి.

"ఈ మోడళ్ళన్నీ ఇంతేనండీ," అన్నాడు అతను తలెత్తకుండా.

కావచ్చు. దాంతో ఏదీ రుజువు కాదని ఆమెకూ తెలుసు. మూత లేచింది. బ్యాటరీ పక్కన చిన్న లోహపు రేకు, దాని కింద వేడిని లాగే మెత్తటి పట్టీ ఉన్నాయి. వాటిని తీశాక డ్రైవ్ కనిపించింది. వేలెడు పొడవు, బొటనవేలంత వెడల్పు. దాని మీద అంటించిన తెల్ల కాగితం నట్టనడుమ, కొలిచి పెట్టినట్టు, కందిగింజంత నల్ల స్టిక్కరు ఉంది.

"అదిగోనమ్మా మీ దిష్టి చుక్క!" వెంకటకృష్ణారావు చప్పట్లు కొట్టినంత పనిచేశాడు. "ఎక్కడికీ పోలేదు. భద్రంగా ఉంది. డ్రైవ్ మార్చారు, ఫైలు మార్చారు అని కథలల్లబోయారు. మీ అమ్మే సాక్ష్యం చెప్పింది, మీ అమ్మ చుక్కే సాక్ష్యం చెబుతోంది. ఇంకేం కావాలి?"

సుబ్బరత్నం ఏదో అనబోయింది. రుచిత కూడా నోరు తెరిచింది. రమాసుందరి చెయ్యి అడ్డం పెట్టి ఇద్దరినీ ఆపింది.

"ఒక్క నిమిషం. సార్, ఇది కార్తీకంలో పెట్టిన డ్రైవే, ఆ రోజు పెట్టిన చుక్కే, పెట్టింది పెట్టినట్టే ఉంది. అంతేనా మీరనేది?"

"అంతే."

"మీరు కూడా అంతేనా జయకృష్ణ గారూ?"

"అంతేనండీ."

ఆమె సీఐ వైపు తిరిగింది. "మీకు పిల్లలున్నారా అండీ?"

ఆయన తెల్లబోయాడు. "ఇద్దరు ఆడపిల్లలు. ఏం?"

"పసివాళ్ళప్పుడు నీళ్ళు పోశాక బొట్టు ఎక్కడ పెట్టేవారు?"

"నుదుట పెడతారు. ఇదేం ప్రశ్న మేడం?"

"మరి దిష్టి చుక్క?"

రామకోటేశ్వరరావు చెయ్యి ఆయనకు తెలియకుండానే బుగ్గ మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. డ్రైవ్ వంక చూశాడు. మళ్ళీ చూశాడు.

"దిష్టి చుక్కని ఏ తల్లీ నడిమధ్యన పెట్టదండీ," అంది రమాసుందరి. "బుగ్గన పెడుతుంది, అరికాలిలో పెడుతుంది. అందం కాస్త చెడగొట్టడానికే ఆ చుక్క. సుబ్బరత్నం గారూ, ఇప్పుడు చెప్పండి. ఎక్కడ పెట్టారు?"

"మూలనమ్మా! లోపలికి గుచ్చే ఆ పసుపు రంగు పళ్ళున్న వైపు కాకుండా ఇటు చివర మూలన," సుబ్బరత్నం గొంతు ఒక్కసారిగా లేచింది. "మధ్యలో పెట్టడానికి నేనేమన్నా దానికి పెళ్ళి చేశానా? నలభయ్యేళ్ళ నుంచి సంసారం చేస్తున్నా, దిష్టి చుక్క ఎక్కడ పెట్టాలో నాకు తెలీదా?"

"మధ్యలో పెడతానన్నా నేను పెట్టనివ్వనండీ," అంది రుచిత. "ఆ మెత్తటి పట్టీ మధ్యలోనే ఆనుకోవాలి. అడ్డం ఏదన్నా ఉంటే డ్రైవ్ కాలిపోతుంది. పట్టీ తగలని మూల నేనే చూపించాను."

"ఇప్పుడు కూర్చుని అల్లుతున్నారు," వెంకటకృష్ణారావు లేచాడు. "తల్లీ కూతుళ్ళు ఎలా చెప్పమంటే అలా చెబుతారు. చుక్క ఎక్కడుందన్న దాని మీద కేసులు నడపాలా?"

"అక్కర్లేదు. వాళ్ళ మాట పక్కన పెట్టండి, దీన్ని చూడండి." రమాసుందరి బల్లమీద రుచిత పనిముట్లలోంచి చిన్న పట్టకారు తీసి సీఐ చేతికిచ్చింది. "మీరే ఆ స్టిక్కరు అంచు ఎత్తి చూడండి."

సీఐ వంగి ఎత్తబోయాడు. రాలేదు. చుట్టూ సన్నగా, తెల్లగా గట్టిపడ్డ జిగురు ఉంగరంలా కనిపించింది.

"స్టిక్కరు బొట్టుకి దాని జిగురు దానికే ఉంటుంది. మా ఇంట్లో అద్దం నిండా ఉంటాయి, గోళ్ళతో గీకితే గానీ రావు. దీనికి పైనుంచి వేరే జిగురెందుకు వేశారు? ఒకచోటి నుంచి ఊడదీస్తే మళ్ళీ అంటదు కనక. పది నెలలు ఆ వేడిలో ఒక మూలన అంటుకుని ఉంటే ఆ మూల మచ్చ పడాలి. చూడండి, మూలలన్నీ తెల్లగా ఉన్నాయి. ఇది ఆ అమ్మాయి బిగించిన డ్రైవ్ కాదు. పాతదాన్ని మొత్తం ఇందులోకి కాపీ చేసి, ఆ ఒక్క కొలతా మార్చి, దీన్ని లోపల పెట్టారు. పాతదాంట్లోనే దిద్దితే ల్యాబువాళ్ళు తవ్వి తీస్తారని భయం. ఇందులో ఎంత తవ్వినా పన్నెండు దొరకదు, ఎందుకంటే ఇందులో అది ఎప్పుడూ లేదు."

ఆమె జయకృష్ణ ముందుకు వెళ్ళి నిలబడింది. ఈసారి గొంతు పెంచలేదు.

"బొట్టనుకున్నావు కదూ, నాయనా?"

అతని చేతిలోని స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టబోతే దొర్లి కింద పడింది.

"తీసి పారేద్దామనే అనుకున్నానండీ. ఆడవాళ్ళ బొట్టు... చెత్తబుట్టలో వెయ్యడానికి చేతులు రాలేదండీ. మేడం ఎప్పుడన్నా విప్పితే అనుమానం కూడా రాదనుకున్నా. అంటకపోతే జిగురు వేశాను. బొట్టు కదా అని మధ్యలో..."

"నోర్ముయ్ రా!" అని అరిచాడు వెంకటకృష్ణారావు.

"అరవకండి," అన్నాడు సీఐ. ఆ గొంతులో ఇందాకటి మొహమాటం లేదు. "తెరేసమ్మా, వీడియో ఆపకు."

తల్లి వెళ్ళి రుచిత భుజం పట్టుకుంది. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబడాల్సిన పిల్ల ఇక నిలబడక్కర్లేదు. గది అక్కడితో తేలికపడాలి. కానీ రమాసుందరి మొహం ఇంకా నల్లబడింది. పంచనామా కాగితం చేతిలోకి తీసుకుని, కింద ఉన్న పొడుగాటి సంతకం మీద వేలు పెట్టింది.

"వెంకటకృష్ణారావు గారూ, బుధవారం సాయంత్రం తర్వాత దీన్ని ఎవరూ ముట్టుకోలేదని చెప్పింది మీరే. సంతకం మీదే. అంటే డ్రైవ్ మార్చింది బుధవారం. కప్పు కూలింది శుక్రవారం."

ఆ కాగితాన్ని ఆయన ముందుకు జరిపింది.

"కూలని కప్పు కోసం రెండ్రోజుల ముందే రుజువులెందుకు మార్చారు?"

సీఐ మెల్లగా తల తిప్పి ఆయన వైపు చూశాడు. మాట్లాడింది జయకృష్ణ.

"సోమవారం సైటు నుంచి ఫోటోలొచ్చాయండీ. దూలం కిందికి వంగిందని సూపర్వైజర్ పంపాడు. మీటింగ్ పెట్టారు. ఖాళీ చేయిస్తే సరుకువాళ్ళకి తెలిసిపోతుంది, ముందు డిజైన్ సంగతి చూడండి అన్నారు. వర్షాలు తగ్గాక దూలం కింద ఆసరాగా స్తంభాలు పెట్టిద్దామన్నారు. పాత డ్రైవ్ నేను పారెయ్యలేదండీ. సార్‌కి ఇచ్చాను."

"మీకిచ్చాడు," అంది రమాసుందరి వెంకటకృష్ణారావుతో. "మీకిచ్చాడు. ముప్ఫై ఏళ్ళు ఒంటిమీద ఖాకీ వేసుకున్నారు. సోమవారం తెలుసు, మంగళవారం తెలుసు, బుధవారం తెలుసు. ఒక్క ఫోను చెయ్యలేకపోయారా? బయటికి రండ్రా అని ఒక్క కేక వెయ్యలేకపోయారా? ఆ రోజు ఈ పిల్లకి భోజనం వడ్డిస్తుంటే, అక్కడ ఏసుబాబు ఆ దూలం కిందే మూట ఎత్తుకుంటున్నాడు. మనిషి పుట్టుక పుట్టి అన్నం ఎలా సయించిందండీ మీకు?"

"నా లాయరు లేకుండా నేనేమీ మాట్లాడను," అన్నాడు ఆయన. అంటూనే గుమ్మం వైపు అడుగు వేశాడు. సీఐ వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"జయకృష్ణ గారూ." రుచిత పిలిచింది. ఇందాకటి నుంచి ఆ పిల్ల ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఉంది. తన మీద పడ్డ నేరం తొలగిపోయిందన్న సంతోషం ఆ మొహంలో లేనే లేదు. "ఆ ఎనిమిది కొలతతో ఇంకెక్కడన్నా కట్టారా?"

అతను వెంకటకృష్ణారావు వైపు చూశాడు.

"ఆయన్ని చూస్తారేంటి, నన్ను చూసి చెప్పండి! నా మోడల్‌తో ఇంకో షెడ్డు కట్టారా?"

"గన్నవరంలో, మేడం. అదే డ్రాయింగ్. ఇనుము కూడా అదే లోడులో వచ్చింది."

"ఇబ్రహీంపట్నం కూలాక దాన్ని ఖాళీ చేయించారా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"అక్కడ వాన పడుతోందా ఇప్పుడు?" రుచిత గొంతు చీరుకుపోయింది. "కప్పుమీద నీళ్ళు నిలిస్తే ఆగదండీ అది. ఎవరికన్నా ఫోన్ చెయ్యండి. చెయ్యండి!"

జయకృష్ణ తన ఫోనులోంచి గన్నవరం షెడ్డు వాచ్‌మన్ నంబరు తీసి సీఐకి ఇచ్చాడు. సీఐ స్పీకరు పెట్టాడు. చాలాసేపు మోగి, పెట్టేస్తారేమో అనుకునేంతలో ఎవరో ఎత్తారు. రేకుల మీద వాన హోరుకు ఆ మనిషి గొంతు సగం సగం వినిపిస్తోంది.

"ఎవరండీ?"

"పోలీసు స్టేషను నుంచి. లోపల ఎంతమంది ఉన్నారు?"

"విత్తనాలు ప్యాకింగు చేసే ఆడోళ్ళండీ, ముప్ఫై మంది. పొద్దుటి నుంచి ఒకటే వాన కదండీ. పక్క సైట్లో పనోళ్ళు కూడా తడుస్తున్నారని, పిల్లల్ని చంకనేసుకుని ఉన్నారని, వాళ్ళందర్నీ కూడా లోపలికి రమ్మన్నానండీ. ఓ వందమంది ఉంటారు."

"బయటికి పంపు! అందర్నీ ఇప్పుడే బయటికి పంపు!"

"ఏంటండీ? వినపట్లేదండీ. ఒక్క నిమిషం ఉండండి, లోపల పైన ఏదో టకటకా చప్పుడవుతోంది. చూసొస్తా."

"లోపలికి వెళ్ళకండి!" అని అరిచింది రుచిత, ఫోను మీదికి వంగి.

అప్పటికే అతను అక్కడ ఫోను కింద పెట్టి వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది.